విండోస్ 7 ఇన్‌స్టలేషన్ మీడియాలో అప్‌డేట్లు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 7 పాతబడి చాలా కాలమైంది. 2020 జనవరి 14తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి, డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చినవి కూడా 2023 జనవరి 10తో అయిపోయాయి. అయినా అది పోలేదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే బతికే డీటీపీ షాపుల్లో ఉంది, పాత డ్రైవర్ తప్ప ఇంకేదీ ఒప్పుకోని ల్యాబ్ యంత్రాల పక్కన ఉంది, బిల్లింగ్ కౌంటర్లలో ఉంది. వాటిలో హార్డ్ డిస్క్ పోయిన రోజున ఎవరో ఒకరు 2011 నాటి డీవీడీ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ కూర్చునేవాళ్ల కోసమే ఈ పేజీ.

అప్‌డేట్లు కలపడం అంటే అసలు ఏం చేస్తాం?

విస్టా నుంచి విండోస్ డీవీడీలో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది. సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ (install.wim) అని కనబడుతుంది. అందులో ఉన్న విండోస్ కాపీనే ఇమేజ్ అంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సెటప్ చేసే ముఖ్యమైన పని ఆ ఫైల్‌ను విప్పి డిస్క్ మీద పరచడమే. మనం ముందుగానే దాన్ని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి తెరిచి (దీన్నే మౌంట్ చేయడం అంటారు), అప్‌డేట్లు ఎక్కించి, సేవ్ చేసి మూసేస్తాం. ఆ తర్వాత ఆ మీడియాతో ఏ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసినా అప్‌డేట్లతో సహా వస్తుంది. దీనికి కావాల్సిన పనిముట్టు డిస్మ్ (DISM), కమాండ్ ప్రాంప్ట్‌లో నడిచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్. అది విండోస్ 7లోనూ ఉంది, 10లోనూ 11లోనూ ఉంది. విండోస్ 10 మెషీన్ మీద కూర్చుని 7 ఇమేజ్‌ను సర్వీస్ చేయవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

ఇంత తంటా ఎందుకు? ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్ అప్‌డేట్ నొక్కితే సరిపోదా?

ఒకప్పుడు సరిపోయేది. ఇప్పుడు మామూలు సర్వీస్ ప్యాక్ 1 (అప్పటిదాకా వచ్చిన సవరణలను ఒకచోట కలిపిన విడుదల) డీవీడీతో ఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్ నొక్కితే సర్వర్‌ను చేరడం దగ్గరే ఆగిపోతుంది. విండోస్ 7 పుట్టినప్పుడు అప్‌డేట్ల మీద డిజిటల్ సంతకం (అది మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చిందని చూపే గుర్తు) షా-1 అనే పాత పద్ధతిలో ఉండేది. 2019 ఆగస్టు నుంచి దాని తర్వాతి పద్ధతి షా-2 తెలిసిన మెషీన్లకే కొత్త అప్‌డేట్లు ఎక్కుతాయి. 2020 ఆగస్టులో షా-1తో మాట్లాడే అప్‌డేట్ సర్వర్లను కూడా మైక్రోసాఫ్ట్ మూసేసింది. అంటే షా-2 నేర్చుకోవడానికి కావాల్సిన అప్‌డేట్‌ను కూడా అక్కడి నుంచి తెచ్చుకోలేదు. చేత్తో ఎక్కించాల్సిందే.

దాన్ని దాటినా ఇంకో సంగతి ఉంది. కొత్తగా వేసిన విండోస్ 7 "అప్‌డేట్ల కోసం వెతుకుతోంది" అని చూపిస్తూ, ప్రాసెసర్‌ను పూర్తిగా మింగేస్తూ, గంటల తరబడి అలాగే ఉండిపోవడం ఆ రోజుల్లో సర్వీస్ చేసినవాళ్లందరికీ తెలుసు.

మూడోది భద్రత. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై 2017 మేలో వచ్చింది. అది వాడుకున్న లోపాన్ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే సరిచేసింది, ఎక్కించుకోని మెషీన్లే దెబ్బతిన్నాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ పురుగు నెట్‌వర్క్ కేబుల్ వెంబడే పాకుతుంది, ఎవరూ ఏదీ క్లిక్ చేయనక్కర్లేదు. పాత డీవీడీతో వేసిన మెషీన్‌కు కేబుల్ పెట్టిన క్షణం నుంచి అప్‌డేట్లు పూర్తయ్యేదాకా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఏ డీవీడీతో మొదలుపెట్టాలి?

సర్వీస్ ప్యాక్ 1 ఉన్నదానితోనే. మీ దగ్గర 2009 నాటి అసలు డీవీడీ మాత్రమే ఉంటే అందులోకి సర్వీస్ ప్యాక్‌ను డిస్మ్‌తో నేరుగా కలపడం కుదరదు. ఎక్స్‌పీ రోజుల్లో కుదిరేది కాబట్టి చాలామంది ఇక్కడ గంటలు పోగొట్టుకుంటారు. డిస్మ్‌లో గెట్-విమ్‌ఇన్ఫో అనే ఆప్షన్‌తో ఇమేజ్ వివరాలు చూడండి. వెర్షన్ దగ్గర 7601 అని, సర్వీస్ ప్యాక్ బిల్డ్ దగ్గర 17514 అని ఉంటే మీది సరైన డీవీడీ. 7600 అని ఉంటే పక్కన పెట్టండి.

టొరెంట్లలో దొరికే "ఆల్ ఇన్ వన్", "గేమర్ ఎడిషన్" లాంటివాటి జోలికి వెళ్లకండి. అందులో ఎవరు ఏం కలిపారో, ఏం తీసేశారో మీకు తెలిసే మార్గం లేదు. కొన్నిట్లో అప్‌డేట్ సర్వీసింగ్ భాగాలనే కోసేసి ఉంటారు. వాటి మీద తర్వాత ఏదీ ఎక్కదు.

ఏయే అప్‌డేట్లు కలపాలి? ఏ వరుసలో?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కేటలాగ్‌లో కనబడినవన్నీ, రెండు మూడు వందల ఫైళ్లు, దించి ఒక ఫోల్డర్‌లో వేసి డిస్మ్‌కు అప్పజెప్పేవాళ్లున్నారు. ఇమేజ్ ఉబ్బుతుంది, ఒకదాని స్థానంలో వచ్చిన ఇంకోటి, దాని స్థానంలో వచ్చిన మరోటి అన్నీ పేరుకుంటాయి. అవసరం లేదు. గట్టిగా లెక్కపెడితే కొద్ది ప్యాకేజీలే చాలు. అన్నీ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్‌లో కేబీ నంబరుతో (ఒక్కో అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే నంబరు) వెతకండి, 32 బిట్‌కూ 64 బిట్‌కూ వేర్వేరు ఫైళ్లు ఉంటాయి.

మొదట కేబీ3020369. ఇది సర్వీసింగ్ స్టాక్, అంటే అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగానికే అప్‌డేట్. ఇది లేకపోతే తర్వాతది ఒప్పుకోదు.

ఆ తర్వాత కేబీ3125574. 2016లో వచ్చిన కన్వీనియెన్స్ రోలప్ (చాలా అప్‌డేట్ల మూట) ఇదే. సర్వీస్ ప్యాక్ 1 తర్వాత 2016 ఏప్రిల్ దాకా వచ్చినవాటిలో చాలా మటుకు ఇందులో ఉన్నాయి. సర్వీస్ ప్యాక్ 2 అని పేరు పెట్టలేదు గానీ పని మాత్రం దాదాపు అదే. 64 బిట్ ఫైల్ 470 ఎంబీ దాటుతుంది. దీన్ని ఎక్కించేటప్పుడు డిస్మ్ చాలాసేపు ఒకే శాతం దగ్గర నిలబడుతుంది. హ్యాంగ్ అయిందని విండో మూసేయకండి, టీ తాగి రండి.

ఆ పైన కేబీ4490628, ఇది 2019 మార్చి నాటి సర్వీసింగ్ స్టాక్. వెంటనే కేబీ4474419, షా-2 నేర్పేది ఇదే. ఇది ఒకటికి మించి సార్లు సవరించి మళ్లీ విడుదలైంది. మీ పాత ఫోల్డర్‌లో ఉన్న కాపీని నమ్మకుండా 2019 సెప్టెంబరు నాటిది కొత్తగా దించుకోండి.

ఇప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11, దానికి ముందు అది అడిగే ప్యాకేజీలు, ముఖ్యంగా ప్లాట్‌ఫామ్ అప్‌డేట్ కేబీ2670838. ఐఈ ఎవరు వాడతారండీ అని అడగవచ్చు. నేరుగా ఎవరూ వాడరు. కానీ దాని ఇంజిన్‌ను లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. పైగా నెలవారీ రోలప్‌లోని ఐఈ సవరణలు ఇమేజ్‌లో ఏ వెర్షన్ ఉందో చూసి దానికి తగ్గట్టు పడతాయి. అందుకే ఐఈ 11ను రోలప్ కంటే ముందు ఎక్కించాలి, తర్వాత కాదు.

చివరికి కేబీ4534310, 2020 జనవరి 14న వచ్చిన ఆఖరి ఉచిత నెలవారీ రోలప్. 2016 అక్టోబరు నుంచి ఈ రోలప్‌లు ఒకదాన్ని ఒకటి కలుపుకుంటూ వచ్చాయి కాబట్టి ఆఖరిది ఒక్కటి చాలు. పక్కనే "సెక్యూరిటీ ఓన్లీ" అని ఉండేవి అలా కాదు, అవి ఆ నెలవి మాత్రమే. పొరపాటున అది తీసుకోకండి.

ఆ ఆఖరి రోలప్‌కు ఒక తమాషా ఉంది. అది ఎక్కించాక వాల్‌పేపర్‌ను "స్ట్రెచ్" పద్ధతిలో పెట్టుకున్నవాళ్లకు డెస్క్‌టాప్ నల్లగా అయిపోయింది. మద్దతు ఆపేసిన తర్వాత కూడా మైక్రోసాఫ్ట్ అందరికీ ఉచితంగా కేబీ4539602 ఇచ్చి దాన్ని సరిచేయాల్సి వచ్చింది. దాన్ని కూడా చివర్లో వేసేయండి.

2020 తర్వాత వచ్చిన పెయిడ్ అప్‌డేట్లను కలపవచ్చా?

వాటి లైసెన్సు కీ ఉన్న సంస్థల మెషీన్లకే అవి. కీ లేని చోట ఎక్కడం మొదలుపెట్టి చివర్లో వెనక్కి తిరిగిపోతాయి. దాన్ని దాటేసే అడ్డదారులు నెట్‌లో తిరుగుతున్నాయి, ఇక్కడ వాటి గురించి రాయను.

సరే, పని ఎలా చేయాలి?

డీవీడీలోని మొత్తం సరుకును హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌కు కాపీ చేయండి. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి, ఇరవై జీబీ దాకా ఖాళీ ఉండాలి. ఫోల్డర్ పేర్లు చిన్నగా, ఖాళీలు లేకుండా, డ్రైవ్ మొదట్లోనే పెట్టుకోండి. సి డ్రైవ్‌లో యూజర్స్, ఆ లోపల డెస్క్‌టాప్, ఆ లోపల "కొత్త ఫోల్డర్ 2" అని పెట్టుకుంటే పాత్ పొడవుతో లేనిపోని ఎర్రర్లు వస్తాయి. డీవీడీ నుంచి కాపీ చేసిన ఫైళ్లకు రీడ్-ఓన్లీ గుర్తు అంటుకుని ఉండవచ్చు, ఇన్‌స్టాల్ డాట్ విమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అది ఉంటే తీసేయండి. తీయకపోతే మౌంటే కాదు.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. గెట్-విమ్‌ఇన్ఫోతో లోపల ఏ ఎడిషన్ ఏ ఇండెక్స్ నంబరులో ఉందో చూడండి. మీకు కావాల్సిన నంబరును మౌంట్-విమ్‌తో ఖాళీ ఫోల్డర్‌లోకి తెరవండి. తర్వాత ఇమేజ్ ఆప్షన్‌లో ఆ ఫోల్డర్ చూపించి, యాడ్-ప్యాకేజ్‌తో ఒక్కో ఫైల్‌ను పై వరుసలో ఎక్కించండి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వవచ్చు గానీ ఒకటి తప్పితే ఏది తప్పిందో వెతుక్కోవాలి. అన్నీ అయ్యాక గెట్-ప్యాకేజెస్‌తో ఒకసారి చూసుకోండి. కొన్నిటి పక్కన "ఇన్‌స్టాల్ పెండింగ్" అని ఉంటుంది, టెన్షన్ పడకండి. అవి మెషీన్ మొదటిసారి లేచినప్పుడు పూర్తవుతాయి.

చివర అన్‌మౌంట్-విమ్, కమిట్ ఆప్షన్‌తో. కమిట్ బదులు డిస్కార్డ్ అని కొడితే చేసినదంతా పోతుంది. ఆ రెండు పదాలు కొట్టేటప్పుడు ఫోన్ ఎత్తకండి.

నాలుగు ఎడిషన్లు ఉన్నాయి, అన్నిటికీ మళ్లీ మళ్లీ చేయాలా?

చేయాలి, ఒక్కో ఇండెక్స్‌కూ విడిగా. అందుకే మీకు లైసెన్సు ఉన్నదాన్ని మాత్రమే, ఉదాహరణకు ప్రొఫెషనల్, వేరే విమ్ ఫైల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకుని దాని మీదే పనిచేయండి. అప్‌డేట్లు ఎక్కించాక ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే వదిలేసిన పాత ముక్కలు రాలిపోయి సైజు కూడా తగ్గుతుంది.

సెటప్ మొదలవుతుంది గానీ కీబోర్డు, మౌస్ పనిచేయవు. పైగా సీడీ/డీవీడీ డ్రైవర్ లేదంటుంది. నా మెషీన్‌లో డీవీడీ డ్రైవే లేదు!

ఆ మెసేజ్ జనాన్ని తప్పుదారి పట్టించినంతగా విండోస్ 7లో ఇంకేదీ పట్టించలేదేమో. దానికి నిజంగా కావాల్సింది యూఎస్‌బీ డ్రైవర్. విండోస్ 7 వచ్చేనాటికి యూఎస్‌బీ 3.0 మెషీన్లు మార్కెట్లో లేవు, అందుకని దాని డ్రైవర్ డీవీడీలో లేదు. చాలా ఏళ్లు బోర్డుల్లో పాత 2.0 కంట్రోలర్ కూడా ఉండేది కాబట్టి ఇది బయటపడలేదు. 2015లో స్కైలేక్‌తో వచ్చిన ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్లలో పాత కంట్రోలర్‌ను తీసేశారు. అప్పటి నుంచి ఏం జరుగుతుందంటే, బయాస్ సాయంతో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, సెటప్ తెర వస్తుంది, ఆ క్షణం నుంచి విండోస్‌కు ఆ పెన్‌డ్రైవే కనబడదు. తను వచ్చిన దారిని తనే మరిచిపోయి డీవీడీ ఏదీ అని అడుగుతుంది.

మందు ఏమిటంటే బోర్డు తయారీదారు సైట్ నుంచి విండోస్ 7 యూఎస్‌బీ 3.0 డ్రైవర్ దించి, జిప్ విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైళ్లున్న ఫోల్డర్ పట్టుకోండి. యాడ్-డ్రైవర్‌తో, రికర్స్ ఆప్షన్ పెట్టి, ఎక్కించండి. ఎక్కడ ఎక్కించాలన్నదే అసలు కిటుకు. ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లో మాత్రమే వేస్తే ఇన్‌స్టాల్ అయ్యాక పనిచేస్తుంది, కానీ అక్కడిదాకా వెళ్లనే వెళ్లరు. సెటప్ తెర నడిచేది బూట్ డాట్ విమ్ నుంచి. అందులో రెండు ఇండెక్స్‌లు ఉంటాయి, సెటప్ ఉన్నది రెండోది. నేనైతే రెండిట్లోనూ వేస్తాను. ఇన్‌స్టాల్ డాట్ విమ్‌తో కలిపి మూడు చోట్ల అన్నమాట.

తొందరలో ఉన్నవాళ్లకు అడ్డదారి: బోర్డు వెనక గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటే పాత కీబోర్డు పెట్టండి, శాటా డీవీడీ డ్రైవ్ తగిలించి డీవీడీతో వేయండి. రెండూ యూఎస్‌బీ కావు కాబట్టి సమస్యే రాదు.

ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కనబడటం లేదు.

అదే కథ, ఈ కొత్త రకం ఎస్‌ఎస్‌డీకి డ్రైవర్ డీవీడీలో లేదు. కేబీ2990941, కేబీ3087873 హాట్‌ఫిక్స్‌లు రెండూ కలిపి, పైన చెప్పిన మూడు చోట్లా వేయాలి. మొదటిది ఒక్కటే వేస్తే కొన్ని మెషీన్లలో నీలం తెర వస్తుంది, దాన్ని సరిచేయడానికే రెండోది వచ్చింది. మీ ఎస్‌ఎస్‌డీ కంపెనీ విండోస్ 7 డ్రైవర్ ఇస్తే దాన్ని వేసినా చాలు.

డాట్‌నెట్ 4.8ను కూడా కలపవచ్చా?

డాట్‌నెట్ (చాలా సాఫ్ట్‌వేర్లు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ భాగం) ఎక్స్ఈ ఫైల్‌గా వస్తుంది, డిస్మ్ దాన్ని తీసుకోదు. సెటప్ చివర్లో తనంతట తనే నడిచేలా పెట్టవచ్చు. సోర్సెస్‌లో డాలర్ గుర్తుల మధ్య ఓఈఎం అనే ఫోల్డర్ చేసి, ఆ లోపల రెండు డాలర్ గుర్తుల పేరున్న ఫోల్డర్, అందులో సెటప్, అందులో స్క్రిప్ట్స్, అక్కడ సెటప్‌కంప్లీట్ డాట్ సీఎండీ అనే ఫైల్. డాట్‌నెట్ ఇన్‌స్టాలర్‌ను అందులో నిశ్శబ్దంగా నడిచే ఆప్షన్లతో పిలవండి. విజువల్ సీ++ రన్‌టైమ్‌లకూ ఇదే దారి.

రూపాయి గుర్తు డబ్బాగా కనబడుతోంది. తెలుగు అక్షరాలకు కూడా ఏమైనా కలపాలా?

తెలుగుకు అక్కర్లేదు. గౌతమి ఎప్పటి నుంచో ఉంది, వాణి ఫాంట్ విండోస్ 7తోనే వచ్చింది. రూపాయి సంగతి వేరు. మన ప్రభుత్వం ఆ గుర్తును 2010 జూలైలో ఆమోదించింది, యూనికోడ్‌లోకి అది ఆ అక్టోబరులో చేరింది. విండోస్ 7 అంతకుముందే, 2009 అక్టోబరులో వచ్చేసింది. అందుకే పాత డీవీడీ ఫాంట్లలో ఆ గుర్తు ఉండదు. దానికోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ కేబీ2496898. బిల్లులు కొట్టే మెషీన్ కోసం చేస్తుంటే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) నోట్‌ప్యాడ్ తెరిచి ఆ గుర్తును ఒకసారి పేస్ట్ చేసి చూడండి. డబ్బా వస్తే దీన్ని కూడా కలపండి.

డిస్మ్ ఎర్రర్ ఇస్తోంది.

0x800ఎఫ్081ఈ వస్తే ఆ ప్యాకేజీ ఈ ఇమేజ్‌కు సరిపోదని అర్థం. పదింట తొమ్మిది సార్లు 32 బిట్ ఇమేజ్‌కు 64 బిట్ ఫైల్ ఇచ్చి ఉంటారు, లేదా దానికి ముందు పడాల్సింది పడలేదు. 0xసీ1420117 వస్తే అన్‌మౌంట్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను ఏదో పట్టుకుని ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి ఉంచారేమో చూడండి, కమాండ్ ప్రాంప్టే అందులో నిలబడి ఉందేమో చూడండి, యాంటీవైరస్‌కు ఆ ఫోల్డర్‌ను వదిలేయమని చెప్పండి. మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగిపోతే క్లీనప్-విమ్ కొట్టి మళ్లీ మొదటి నుంచి చేయండి. సగం ఎక్కిన ఇమేజ్‌ను అతుకులు వేసి వాడకండి.

ఇన్‌స్టాల్ డాట్ విమ్ 4 జీబీ దాటింది, పెన్‌డ్రైవ్‌లో పట్టడం లేదు.

ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ మించకూడదు. పాత బయాస్ పద్ధతిలో బూట్ చేస్తుంటే పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా చేసుకోండి, రూఫస్ అనే ప్రోగ్రామ్ ఆ పని చక్కగా చేస్తుంది. యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) కోసం ఫ్యాట్32 తప్పదంటే విమ్‌ను ఎస్‌డబ్ల్యూఎమ్ ముక్కలుగా స్ప్లిట్ చేయండి, సెటప్ వాటిని గుర్తుపడుతుంది. యూఈఎఫ్ఐ 64 బిట్‌కే వర్తిస్తుంది, 32 బిట్ విండోస్ 7 మీడియా అలా బూట్ కాదు. సెక్యూర్ బూట్ ఆపేయాలి, సీఎస్ఎమ్ (పాత బయాస్‌లా నడిపించే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. సీఎస్ఎమ్ లేని కొత్త బోర్డుల మీద లోగో దగ్గరే ఆగిపోతుంది.

ఏడో తరం ఇంటెల్ మీద వేశాను, అప్‌డేట్ చేయబోతే హార్డ్‌వేర్‌కు మద్దతు లేదంటోంది.

అది మీ మీడియా తప్పు కాదు. 2017 ఏప్రిల్ నాటి రోలప్ నుంచి కేబీ లేక్ (ఏడో తరం ఇంటెల్ పేరు, అప్‌డేట్ల కేబీతో సంబంధం లేదు), ఏఎండీ రైజెన్ లాంటి ప్రాసెసర్లను గుర్తుపట్టి మైక్రోసాఫ్టే అప్‌డేట్లు ఆపేసింది. ఇన్‌స్టాల్ మాత్రం అవుతుంది. ఇలాంటి మెషీన్లకు అప్‌డేట్లన్నీ ముందే కలిపి పెట్టుకోవడం ఇంకా అవసరం.

ఎలా పరీక్షించాలి?

వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో. నెట్‌వర్క్ కార్డు తీసేసి ఇన్‌స్టాల్ చేయండి, రెండుసార్లు రీస్టార్ట్ చేయండి, కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితాలో 4474419, 4534310 కనబడాలి. యూఎస్‌బీ, ఎన్‌వీఎంఈ డ్రైవర్లకు మాత్రం అసలు మెషీన్ మీద చూస్తేనే నమ్మకం. కస్టమర్ కౌంటర్ ముందు నిలబడి మొదటిసారి పరీక్షించకండి.

ఎక్స్‌పీకి కూడా ఇలాగేనా?

కాదు. ఎక్స్‌పీలో విమ్ లేదు, ఐ386 ఫోల్డర్‌లో ఫైళ్లు విడివిడిగా ఉంటాయి. సర్వీస్ ప్యాక్ 3 ఫైల్‌ను ఇంటిగ్రేట్ అనే స్విచ్‌తో నడిపి సీడీ కాపీ ఉన్న ఫోల్డర్ చూపిస్తే అదే కలుపుకుంటుంది. శాటా డ్రైవర్లకు ఎన్‌లైట్ అనే ప్రోగ్రామ్ వాడేవారు.

ఇన్ని చేశాక ఆ మెషీన్‌లో నెట్ బ్యాంకింగ్ చేసుకోవచ్చా?

వద్దు. మీరు కలిపినవి 2020 జనవరి దాకా దొరికిన లోపాలకే. క్రోమ్ కూడా 109తో విండోస్ 7ను వదిలేసింది. ఆ మెషీన్ చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, ప్రింటో, ల్యాబ్ యంత్రమో. అది చేయనివ్వండి. నెట్ అవసరం లేకపోతే కేబుల్ పీకేయండి, ఫైళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే మెషీన్‌లో స్కాన్ చేయండి.

నేను తయారుచేసిన ఐఎస్‌ఓను (డీవీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినది) మిత్రులకు పంపవచ్చా?

లైసెన్సు దానికి ఒప్పుకోదు. కేబీ నంబర్ల జాబితా, డ్రైవర్ ఫోల్డర్ పేరు, మీరు వాడిన వరుస, ఈ మూడూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పంపండి. వాళ్ల డీవీడీ మీద వాళ్లే ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.